ఢిల్లీ చూడ్డానికి టూర్ బస్సా, కారా, మెట్రోనా, నడకా?

ఢిల్లీకి బయల్దేరే మనవాళ్లు ఇక్కడ ఉండేవాళ్లని ముందుగా అడిగేది ఒక్కటే, "రెండ్రోజుల్లో ఢిల్లీ అంతా అయిపోతుందా?" అని. అయిపోతుంది, కారు అద్దంలోంచి చూస్తే. దిగి నడిచి చూడాలంటే అవ్వదు, ఎందుకంటే ఢిల్లీ ఒక్క రాజధాని కాదు. దక్షిణాన మెహ్రౌలీ, తుగ్లకాబాద్ వైపు సుల్తానుల ఢిల్లీ, ఉత్తరాన ఎర్రకోట చుట్టూ షాజహాన్ కట్టించిన షాజహానాబాద్, మధ్యలో బ్రిటిష్ వాళ్లు 1911లో ప్రకటించి 1931లో ప్రారంభించిన న్యూఢిల్లీ. ఎర్రకోట నుంచి కుతుబ్ మినార్‌కి రోడ్డు మీద దాదాపు 20 కిలోమీటర్లు. ఆ ట్రాఫిక్‌లో గంట సులువుగా పోతుంది, సాయంత్రమైతే ఇంకా ఎక్కువే.

అందుకే నా సలహా ఏంటంటే, ఏం చూడాలో తర్వాత ఆలోచించండి. ఎలా తిరగాలో ముందు తేల్చుకోండి. చూసే లిస్టు దానంతట అదే తయారవుతుంది, సగం పేర్లు వాటంతట అవే ఎగిరిపోతాయి కూడా.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు వారం. చాలామంది పట్టించుకోనిది ఇదే. సోమవారం ఢిల్లీలో సగం మూత. ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ (ప్రధానుల మ్యూజియం), గాంధీజీ చివరి రోజులు గడిపిన గాంధీ స్మృతి, పిల్లలకి నచ్చే రైల్ మ్యూజియం, ఇవన్నీ సోమవారం సెలవే. ఆ రోజు తెరిచి ఉండేవి కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, పురానా ఖిలా, జంతర్ మంతర్, జామా మసీదు, బంగ్లా సాహిబ్ గురుద్వారా, ఇండియా గేట్. శుక్రవారం జూకి సెలవు. ఆగ్రా కూడా ప్లాన్‌లో ఉంటే తాజ్‌మహల్‌కి కూడా శుక్రవారమే సెలవు, నిజాముద్దీన్ నుంచి ఆగ్రా వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఆ రోజు నడవదు. ఆదివారం చాందినీ చౌక్‌లో చాలా షాపులు మూసే ఉంటాయి, లోటస్ టెంపుల్ దగ్గరేమో క్యూ రోడ్డు దాకా వస్తుంది. కాబట్టి శని, ఆది, సోమ అని మూడు రోజులు లీవు పెట్టుకుని రావడం కంటే గురు, శుక్ర, శని అని రావడం మేలు.

రెండోది నెల. ఫిబ్రవరి, మార్చి మొదటి సగం, అక్టోబర్, ఈ రోజుల్లో ఎలా తిరిగినా బాగానే ఉంటుంది. మే, జూన్‌లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది, అప్పుడు మెట్రో దిగి రెండు కిలోమీటర్లు నడుద్దాం అనే ఆలోచనే పెట్టుకోకండి. దీపావళి దగ్గర్నుంచి గాలి పాడవుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లు నవంబర్ వదిలెయ్యడం మంచిది. డిసెంబర్ చివర్లో, జనవరిలో పొగమంచు వల్ల రైళ్లు గంటల కొద్దీ లేటవుతాయి. జనవరి 26 ముందు ఇండియా గేట్ దగ్గరి కర్తవ్య పథ్ (ఒకప్పటి రాజ్‌పథ్) చుట్టూ రిహార్సల్స్, ఆంక్షలు. ఆగస్టు 15 ముందు ఎర్రకోట రోజుల తరబడి మూసేస్తారు. స్కూలు సెలవులని ఆగస్టు రెండో వారంలో వచ్చి కోట బయట బారికేడ్ల దగ్గర ఫోటో దిగి వెళ్లేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటారు.

మూడోది మోకాళ్లు. నవ్వకండి, ఇది చాలా ముఖ్యం. ఇక్కడ కట్టడాలు దూరం నుంచి చిన్నగా కనిపిస్తాయి, గేటు దాటాక గానీ తెలియదు ఎంత నడక ఉందో. ఎర్రకోటలో లాహోరీ గేటు నుంచి చివరి మహళ్ల దాకా వెళ్లి రావడమే ఒక పెద్ద వాకింగ్. హుమాయూన్ సమాధి అరుగు ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి. జామా మసీదు మెట్లు ఎత్తు. కుతుబ్ ప్రాంగణం మాత్రం చాలావరకు చదునుగానే ఉంటుంది.

భాష, డబ్బు ఆ తర్వాత. హిందీ అస్సలు రాని పెద్దవాళ్లు ఒంటరిగా ఆటోలతో బేరమాడలేరు, తెలుగు చెప్పే గైడ్ దొరకడం కష్టం. డబ్బు విషయంలో ఒక ఊరట ఏంటంటే చూసే చోట్ల టికెట్లు పెద్ద ఖర్చు కాదు. పురావస్తు శాఖ కింద ఉండే పెద్ద కట్టడాలకి భారతీయులకి మనిషికి నలభై రూపాయల చుట్టుపక్కల, 15 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం, గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి తీసుకుంటే కౌంటర్ క్యూ తప్పుతుంది. అసలు ఖర్చంతా తిరగడానికే.

నాలుగు పద్ధతులు పక్కపక్కన

| | టూర్ బస్సు | రోజంతా కారు | మెట్రో, ఆటో | గైడ్‌తో నడక |
|---|---|---|---|---|
| ఖర్చు | తక్కువ | ఎక్కువ, నలుగురు పంచుకుంటే ఫర్వాలేదు | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్థం |
| రోజుకి ఎన్ని చోట్లు | ఏడెనిమిది | నాలుగైదు | మూడు | ఒక్క పేట |
| ఒక్కో చోట సమయం | వాళ్లు ఇచ్చినంతే | మీ ఇష్టం | మీ ఇష్టం | రెండు మూడు గంటలు |
| నడక | మధ్యస్థం | తక్కువ | ఎక్కువ | చాలా ఎక్కువ |
| హిందీ అవసరం | లేదు | కొంచెం | కొంచెం | హిందీ గానీ ఇంగ్లీషు గానీ అర్థం కావాలి |
| బాగా సరిపోయేది | మొదటిసారి, ఒక్కరోజే ఉన్నవాళ్లకి | పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న కుటుంబానికి | ఇద్దరు ముగ్గురు కలిసి తిరిగే కుర్రాళ్లకి | చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి |

టూర్ బస్సు

పొద్దున ఎక్కించుకుని సాయంత్రం దింపేసే ఏసీ బస్సులు. ఢిల్లీ టూరిజం వాళ్లవీ ఉంటాయి, పహాడ్‌గంజ్, కరోల్ బాగ్ హోటళ్ల కింద బోర్డులు పెట్టుకునే ప్రైవేటు ట్రావెల్స్‌వీ ఉంటాయి. రెండిటికీ తేడా ఉంది. టికెట్ ధర చూసి మోసపోకండి, ఆ ధరలో ప్రవేశ రుసుములు ఉన్నాయా లేవా, ఏ చోట లోపలికి తీసుకెళ్తారు, ఏ చోట బస్సులోంచే చూపిస్తారు, ఈ మూడూ అడగండి. "రాష్ట్రపతి భవన్, పార్లమెంట్" అని కాగితం మీద రాసి ఉంటే దాదాపు ఎప్పుడూ అర్థం బస్సు దాని ముందు నుంచి నెమ్మదిగా వెళ్తుందని.

ఇంకో సంగతి, షాపింగ్ స్టాప్. మధ్యలో ఒక "ఎంపోరియం" దగ్గర బస్సు ఆగుతుంది, శాలువాలు, కార్పెట్లు, రాళ్ల నగలు. మా చుట్టాలు ఒకసారి ఎక్కిన ప్రైవేటు బస్సులో హుమాయూన్ సమాధికి ఇచ్చిన టైమ్ కంటే ఆ షాపుకి ఇచ్చిన టైమే ఎక్కువ. కమీషన్ వ్యవహారం అది, డ్రైవర్‌తో గొడవ పడి లాభం లేదు, ఎక్కకముందే "షాపింగ్ స్టాప్ ఉందా, ఎంతసేపు" అని అడగడమే మార్గం.

ఇన్ని చెప్పినా బస్సుని తీసిపారేయను. ఒక్కరోజే చేతిలో ఉండి, ఢిల్లీ మొదటిసారి వచ్చి, ఊళ్లో అందరూ చెప్పే పేర్లన్నీ ఒకసారి కళ్లతో చూడాలి అనుకునేవాళ్లకి ఇంతకన్నా చవకైన దారి లేదు. పైగా బస్సులో పదిమంది ఉంటారు, దారి తప్పిపోతామన్న టెన్షన్ ఉండదు. ఒంటరిగా వచ్చిన పెద్దవాళ్లకి అది చిన్న విషయం కాదు.

రోజంతా కారు

ఢిల్లీలో కారు అద్దె లెక్క "8 గంటలు, 80 కిలోమీటర్లు" అని మాట్లాడతారు. దాటితే గంటకింత, కిలోమీటర్‌కింత అదనం. పార్కింగ్, టోల్ ఎవరివో ముందే మాట్లాడుకోవాలి. గ్యారేజీ నుంచి గ్యారేజీ దాకా లెక్కేస్తారా, మీరు ఎక్కిన దగ్గర్నుంచా అన్నది కూడా అడగాలి, బిల్లు దగ్గర చికాకంతా అక్కడే వస్తుంది.

కారుకి ఉన్న పెద్ద సుఖం పెద్దవాళ్లు ఏసీలో కూర్చుని ఉండగానే మీరు వెళ్లి టికెట్లు తీసుకుని రావచ్చు. అలసిపోతే ఒక చోటు వదిలేసి హోటల్‌కి తిరిగొచ్చేయొచ్చు. సామాను డిక్కీలో ఉంటుంది, అక్షర్‌ధామ్ లాంటి చోటికి వెళ్లేటప్పుడు అది చాలా పెద్ద లాభం. అక్కడ ఫోన్, కెమెరా, బ్యాగు ఏదీ లోపలికి పోనివ్వరు, క్లోక్ రూమ్ దగ్గర క్యూ కట్టాలి. కారు ఉంటే అన్నీ అందులో వదిలేసి పర్సు ఒక్కటే పట్టుకుని వెళ్లొచ్చు. ఫోన్లు లేకుండా లోపల విడిపోతే మాత్రం కలుసుకోవడం కష్టం, ఏ గేటు దగ్గర ఎన్నింటికి అని ముందే అనుకోండి.

కారు పనికిరాని చోటు ఒకటుంది, అదే పాత ఢిల్లీ. చాందినీ చౌక్ మెయిన్ రోడ్డు మీద పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లకి అనుమతి లేదు. సైకిల్ రిక్షా గానీ, నడక గానీ. కారు ఎక్కడో పార్క్ చేసి డ్రైవర్ ఫోన్ ఎత్తక, జనంలో వెతుక్కుంటూ తిరగడం కంటే ఆ ఒక్క రోజు కారు మానేసి మెట్రోలో వెళ్లడం మంచిది. రెండ్రోజుల ట్రిప్పులో ఒకరోజు కారు, ఒకరోజు మెట్రో, నన్నడిగితే కుటుంబాలకి ఇదే బాగా కుదిరేది.

మెట్రో, ఆటో

ఢిల్లీ మెట్రో గురించి ఎంత చెప్పినా తక్కువే. 2017లో తెరిచిన వయొలెట్ లైన్ ముక్కలో ఢిల్లీ గేట్, జామా మసీదు, లాల్ ఖిలా అని వరసగా స్టేషన్లు ఉన్నాయి. లాల్ ఖిలా స్టేషన్ బయటికొస్తే ఎదురుగా కోట గోడే. అక్షర్‌ధామ్‌కి బ్లూ లైన్‌లో అదే పేరుతో స్టేషన్. లోటస్ టెంపుల్‌కి కాల్కాజీ మందిర్ స్టేషన్. ఎయిర్‌పోర్ట్ నుంచి న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ దాకా ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఇరవై నిమిషాలు, అదే దూరం ట్యాక్సీలో ఎంతసేపో ఆ రోజు రోడ్డు దయ.

పేరు చూసి మోసపోయే స్టేషన్ కుతుబ్ మినార్. యెల్లో లైన్‌లో ఆ స్టేషన్ దిగాక మినార్ ఇంకా ఒకటిన్నర రెండు కిలోమీటర్లు ఉంటుంది, ఆటో కావాలి. హుమాయూన్ సమాధికీ అంతే, జేఎల్ఎన్ స్టేడియం దిగి ఆటో. ఇండియా గేట్‌కి సెంట్రల్ సెక్రటేరియట్ దిగి కర్తవ్య పథ్ వెంట నడవొచ్చు, చలికాలం సాయంత్రం అయితే ఆ నడకే ఒక సరదా, మేలో మాత్రం శిక్ష.

టూరిస్ట్ కార్డు అని ఒకటి అమ్ముతారు, ఒక రోజుది, మూడు రోజులది, ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు. రోజుకి మూడు నాలుగు ప్రయాణాలు చేసేవాళ్లకి అది గిట్టదు. మామూలు స్మార్ట్ కార్డు తీసుకుంటే ప్రతి ప్రయాణానికి పది శాతం తగ్గుతుంది, అది చాలు. ఆడవాళ్లకి విడిగా ఒక బోగీ ఉంటుంది, రద్దీ టైమ్‌లో తల్లీకూతుళ్లు అందులో ఎక్కడమే హాయి, దిగే స్టేషన్ మాత్రం మగవాళ్లకీ వాళ్లకీ ముందే తెలిసి ఉండాలి. ప్రతి స్టేషన్‌లోనూ బ్యాగు స్కానింగ్, ఒంటి చెకింగ్ ఉంటాయి, పెద్ద సూట్‌కేసులతో చిరాకొస్తుంది.

ఆటోల విషయం. మీటర్ వెయ్యమంటే వినే డ్రైవర్ తక్కువ, యాప్‌లో బుక్ చేసుకోవడమే మేలు. న్యూఢిల్లీ స్టేషన్ బయట ఎవరైనా వచ్చి "మీ హోటల్ బుకింగ్ క్యాన్సిల్ అయింది, రండి టూరిస్ట్ ఆఫీసులో చూపిస్తా" అంటే ఆగకుండా నడిచిపొండి. అది పాత నాటకం. ఆ ఆఫీసు ఒక ట్రావెల్స్ షాపే అయి ఉంటుంది.

గైడ్‌తో నడక

ఇది మన వాళ్లలో పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పాత కట్టడాల్ని కాపాడే సంస్థ ఇన్‌టాక్ ఢిల్లీ శాఖ వాళ్లు, ఇంకొందరు కలిసి వారాంతాల్లో హెరిటేజ్ వాక్స్ పెడుతుంటారు. ఒక్క పేట తీసుకుని రెండు మూడు గంటలు నడిపిస్తూ చెబుతారు. పహాడ్‌గంజ్ వైపు సలామ్ బాలక్ ట్రస్ట్ నడిపే సిటీ వాక్‌లో ఒకప్పుడు వీధుల్లో బతికిన పిల్లలే పెద్దయ్యాక గైడ్లు, అక్కడ మీకు కోటలు కనిపించవు, నగరం కనిపిస్తుంది.

షాజహానాబాద్ లాంటి చోట గైడ్ లేకపోతే అరగంటలో అలసిపోయి వెనక్కి తిరిగొస్తారు. తీగల గుత్తుల కింద, హోల్‌సేల్ మూటల మధ్య ఏ గుమ్మం వెనక ఏ హవేలీ (పాతకాలపు పెద్ద ఇల్లు) ఉందో బయటివాడికి తెలిసే దారే లేదు. అయితే పదేళ్ల లోపు పిల్లల్ని దీనికి తీసుకెళ్లకండి, వాళ్లకీ మీకూ గైడ్‌కీ ముగ్గురికీ బాధే.

ఇక చూసే చోట్ల మాటకొస్తే

ఎర్రకోటా, హుమాయూన్ సమాధా? రెండూ మొఘల్ కట్టడాలే, రెండూ యునెస్కో జాబితాలో ఉన్నాయి, ఒకటే చూసే టైమ్ ఉంటే హుమాయూన్ సమాధికే నా ఓటు. చాలామంది ఒప్పుకోరని తెలుసు. ఎర్రకోట పేరు పెద్దది, ఏటా ఆగస్టు 15న టీవీలో చూస్తాం, చూడకుండా వెళ్తే ఊళ్లో ఏమంటారో అని ఉంటుంది. కానీ 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు లోపలి మహళ్లు చాలా కూల్చేసి సైన్యానికి బ్యారక్‌లు కట్టారు. నెమలి సింహాసనాన్ని అంతకు ముందే 1739లో నాదిర్ షా పట్టుకుపోయాడు. మిగిలింది దివాన్-ఎ-ఆమ్, దివాన్-ఎ-ఖాస్, రంగ్ మహల్ లాంటి కొన్ని మంటపాలు, మధ్యలో పెద్ద పెద్ద పచ్చిక మైదానాలు. బయటి గోడ చూసి పెంచుకున్న ఆశ లోపల కొంచెం తగ్గుతుంది.

అదే హుమాయూన్ సమాధి 1570 ప్రాంతంలో ఎలా తలచారో దాదాపు అలాగే ఉంది. తాజ్‌మహల్ కంటే పాతది, తోట మధ్యలో సమాధి అనే పద్ధతికి మన దేశంలో అదే మొదటి పెద్ద నమూనా, 2013 దాకా సాగిన మరమ్మతుల వల్ల శుభ్రంగా ఉంటుంది. ఆగ్రా వెళ్లే ఉద్దేశం లేనివాళ్లు ఇది తప్పక చూడాలి. ప్రాంగణంలోనే అంతకన్నా పాతదైన ఈసా ఖాన్ సమాధి, గేటు బయట 2024లో తెరిచిన భూగర్భ మ్యూజియం, పక్కనే సుందర్ నర్సరీ తోట. సగం రోజు హాయిగా గడిచిపోతుంది. చివరి మొఘల్ బాదుషా బహదూర్ షా జఫర్ 1857లో ఇంగ్లీషు వాళ్లకి దొరికింది ఇక్కడే, విచారణ జరిపింది ఎర్రకోటలో. రెండూ చూసే ఓపిక ఉంటే ఈ వరసలో చూడండి, కథ అర్థమవుతుంది.

ఎర్రకోటని ఎంచుకోవాల్సినవాళ్లు ఎవరంటే స్వాతంత్ర్యోద్యమం మీద ఆసక్తి ఉన్నవాళ్లు. ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద 1945లో విచారణ మొదలైంది ఆ కోటలోనే. పాత బ్యారక్‌లలో 2019లో నేతాజీ మీద, 1857 మీద మ్యూజియంలు పెట్టారు. హైస్కూల్ పిల్లలు ఉంటే అవి మహళ్ల కంటే బాగా ఎక్కుతాయి.

కుతుబ్ మినారా, తుగ్లకాబాదా? ఈ ప్రశ్న మామూలుగా ఎవరూ అడగరు, ఎందుకంటే తుగ్లకాబాద్ ఎవరి లిస్టులోనూ ఉండదు. కుతుబ్ చూడాల్సిందే, అందులో వాదన లేదు. 72.5 మీటర్ల మినార్, 1199 ప్రాంతంలో కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టాడు, ఇల్తుత్‌మిష్ పై అంతస్తులు కట్టించాడు. పక్కన తుప్పు పట్టని ఇనుప స్తంభం, గుప్తుల కాలంది, ఆరు టన్నుల పైన బరువు. మినార్ పైకి ఎక్కనివ్వరు, 1981లో లోపల తొక్కిసలాట జరిగి చాలామంది చనిపోయాక మూసేశారు. అదే ప్రాంగణంలో అలాయీ దర్వాజా అనే ఎర్రరాతి ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అది కట్టించింది అల్లావుద్దీన్ ఖిల్జీ, 1311లో. అంటే ఆయన సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు మీదికి వచ్చి కప్పం పట్టుకుని తిరిగి వెళ్లిన ఏడాది తర్వాతే.

తెలుగువాడికి తుగ్లకాబాద్ అవసరమనేది కూడా అందుకే. ఘియాసుద్దీన్ తుగ్లక్ 1321లో ఆ కోట మొదలుపెట్టాడు. 1323లో ఆయన కొడుకు ఉలుగ్ ఖాన్, తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఓరుగల్లుని పట్టుకుని కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి బయల్దేరదీశాడు. ప్రతాపరుద్రుడు దారిలో నర్మద ఒడ్డున ప్రాణం వదిలాడని శాసనం చెబుతోంది. వరంగల్ కోటలో తోరణాలు చూసినవాళ్లు ఈ తుగ్లకాబాద్ గోడల ముందు నిలబడితే ఏమనిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఆ కోటని కూడా కట్టిన కొన్నేళ్లకే వదిలేశారు. ఇప్పుడక్కడ పొదలు, కోతులు, ఎండ తప్ప ఏమీ ఉండవు, నీళ్లు మీరే పట్టుకెళ్లాలి, పట్టపగలు నలుగురితో కలిసి వెళ్లాలి. పెద్దవాళ్లకీ పసిపిల్లలకీ వద్దు. మెట్రోలో వెళ్లడం అనవసర శ్రమ, కారు ఉన్న రోజే కుతుబ్‌తో కలిపి చూసేయండి.

అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, బంగ్లా సాహిబ్, ఈ మూడిట్లో ఏది? మూడూ వేరు వేరు రకాలు. అక్షర్‌ధామ్ 2005లో తెరిచింది, పాతది కాదు, కానీ అమ్మానాన్నలకి ఢిల్లీలో బాగా నచ్చేది తరచూ ఇదే. గుడి చూడ్డం ఉచితం, ప్రదర్శనలకీ సాయంత్రం నీళ్ల షోకీ టికెట్. మధ్యాహ్నం మూడింటికల్లా వెళ్తే ప్రదర్శనలూ చూసి షో దాకా ఉండొచ్చు, అంటే ఆ పూటంతా దానికే. లోటస్ టెంపుల్ బయటి నుంచి ఎంత అందమో లోపల అంత ఖాళీ, మౌనంగా కూర్చోవడమే అక్కడ పని, దాన్ని ఇష్టపడేవాళ్లు ఇష్టపడతారు. క్యూ పెద్దగా ఉంటే వదిలేయండి, పోయేదేం లేదు. బంగ్లా సాహిబ్‌ని మాత్రం వదలకండి. కన్నాట్ ప్లేస్ దగ్గరే, టికెట్ లేదు, సెలవు లేదు, పొద్దున్నే గానీ రాత్రి గానీ వెళ్లొచ్చు, తలకి గుడ్డ కట్టుకోవాలి, కోనేటి పక్కన కూర్చుని, ఉచితంగా అన్నం పెట్టే లంగర్‌లో అందరితో కలిసి భోంచేసి రావచ్చు.

ఇండియా గేట్ వైపు ఒక సాయంత్రం చాలు. 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం పక్కనే ఉంది. అక్కడి రాతి గొడుగు మంటపం కింద ఉన్న నేతాజీ నల్లరాతి విగ్రహం చూస్తారుగా, 2022లో పెట్టింది, ఆ రాయి మన ఖమ్మం నుంచి వెళ్లిందే, 280 టన్నుల ఏకశిలని ట్రక్కు మీద తీసుకెళ్లి చెక్కారు. రాష్ట్రపతి భవన్ లోపలికి వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి, ఒరిజినల్ గుర్తింపు కార్డు కావాలి, ఫిబ్రవరి, మార్చిలో వచ్చేవాళ్లు అక్కడి తోట అమృత్ ఉద్యాన్ కూడా చూసుకోండి. మధ్యాహ్నం ఎండలో కాలక్షేపానికి తీన్‌మూర్తి దగ్గర ప్రధానమంత్రి సంగ్రహాలయ బాగుంటుంది, ఏసీ, పి.వి. నరసింహారావు గారి భాగం దగ్గర మనవాళ్లు తప్పకుండా కాసేపు ఎక్కువ ఆగుతారు. భోజనానికి ఇండియా గేట్ చుట్టుపక్కలే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్, మూడో రోజుకి పప్పూ అన్నం మీద బెంగ పెట్టుకునేవాళ్లకి అదే దిక్కు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ కూడా క్యూయే.

ఎవరికి ఏది

అరవై దాటిన తల్లిదండ్రులతో వచ్చేవాళ్లు: ఒక రోజు కారు. పొద్దున కుతుబ్, మధ్యాహ్నం హోటల్‌లో విశ్రాంతి, మూడింటికి అక్షర్‌ధామ్. రెండో రోజు బంగ్లా సాహిబ్, బిర్లా మందిర్, సాయంత్రం ఇండియా గేట్. ఎర్రకోట బయటి నుంచి చూపించండి చాలు. పిల్లల కోసం పాత ఢిల్లీ సందులు, పెద్దల కోసం అక్షర్‌ధామ్ అని ఒకే రోజులో రెండూ ఇరికిస్తే ఎవరికీ తృప్తి ఉండదు.

చిన్నపిల్లలు ఉంటే కోటల సంఖ్య తగ్గించి చాణక్యపురిలో రైల్ మ్యూజియం, సుందర్ నర్సరీ పెట్టండి. పిల్లలు పరిగెత్తడానికి చోటు ఉండటమే అక్కడ అసలు సంగతి.

కాలేజీ కుర్రాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు మెట్రోలోనే తిరగండి. పొద్దున్నే జామా మసీదు (నిక్కర్లతో రానివ్వరు, నమాజు వేళల్లో సందర్శకుల్ని ఆపుతారు), తర్వాత చాందినీ చౌక్, ఎర్రకోట. ఆ ఒక్క రోడ్డు మీదే జైన లాల్ మందిర్, గౌరీశంకర్ గుడి, సీస్‌గంజ్ గురుద్వారా వరసగా ఉంటాయి. చివర్లో ఖారీ బావలీ మసాలా మార్కెట్, అక్కడ ఎండుమిర్చి ఘాటుకి గుంటూరు యార్డు గుర్తొచ్చి తుమ్ములతో బయటపడతారు. రెండో రోజు కుతుబ్, పక్కనే టికెట్ లేని మెహ్రౌలీ పురావస్తు పార్కు, సాయంత్రం హుమాయూన్ సమాధి.

ఆగ్రా కూడా కలపాలనుకునేవాళ్లు దానికి పూర్తి రోజు వేరుగా ఇవ్వండి. ఢిల్లీ, ఆగ్రా ఒకే రోజులో అని ప్యాకేజీ ఎవరైనా చూపిస్తే అది రోజంతా బస్సు సీటుకి కట్టే డబ్బే.

ఇక రైలు దిగి సాయంత్రం ఫ్లైటో ఇంకో రైలో ఉన్నవాళ్లకి టూర్లేవీ వద్దు. హజ్రత్ నిజాముద్దీన్‌లో దిగితే హుమాయూన్ సమాధి ఆటోలో పది నిమిషాలు, అదొక్కటీ చూసుకుని రండి. న్యూఢిల్లీలో దిగితే మెట్రోలో రెండో స్టేషనే చాందినీ చౌక్. సామాను స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టొచ్చు, కానీ తాళం లేని బ్యాగు తీసుకోరు, చిన్న తాళం ఇంటి దగ్గరే వేసుకుని రండి. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం ఆరింటికి రాజీవ్ చౌక్‌లో లైను మారే పని పెట్టుకోకండి, ఆ టైమ్‌లో సూట్‌కేసుతో అక్కడ ఎక్కడం జరిగే పని కాదు, నేరుగా న్యూఢిల్లీ స్టేషన్ నుంచే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ పట్టుకోండి.